ఉంగరానికి లూజు

పొద్దున్నే టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లేచేలోగా ఆమె ఉంగరం కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి, సైజు తగ్గించి తెచ్చి, గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ ఆ వేలికే తొడిగేయాలి. జబ్బు ఆమెను పీల్చి పిప్పి చేసింది. నిన్న చేతులు కడుక్కుంటుంటే ఉంగరం జారి సింకులో పడింది. ఆమె దాన్ని మళ్ళీ తొడుక్కుని, తన వేలి వంక ఒకసారి చూసుకుని, వెళ్ళి పడుకుంది. ఆ చూపు అతనికి కంట్లో నలుసైంది. ఉంగరం నిలిస్తే ఆమె ధైర్యం కూడా నిలుస్తుందని అతని ఆశ.

మందుల మత్తులో ఉన్న భార్య వేలికి దారం చుట్టి కొలత తీస్తుంటే అతనికి ఏడుపు ఆగలేదు. సరిగ్గా అప్పుడే, సాయానికి వచ్చిన భార్య అక్క గుమ్మంలో ప్రత్యక్షమైంది. మనసు వెన్నే గాని, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమైంది మరిదిగారూ? ఉంగరం తీసేస్తున్నారేంటి?"

"ష్... లేపకండి వదినా. తన ముందు ఈ మాట ఎత్తకండి. నేనిప్పుడే వెళ్ళొస్తా."

ఒంటి మీది బంగారం తీస్తున్నాడు, దారంతో కొలతలు తీస్తున్నాడు, పైగా కళ్ళనీళ్ళు. ఆవిడకు ఇంకేం కావాలి? డాక్టరు చేతులెత్తేశాడని నిశ్చయించుకుని ఫోనందుకుంది. తమ్ముడికి "కష్టంగా ఉందిరా" అని చెప్పింది. తమ్ముడు పిన్నికి "గంటల్లో ఉందట" అన్నాడు. పిన్ని మేనమామకు చెప్పేసరికి మనిషి పోయింది.

అవతల కంసాలి దారం ముక్కను ఎగాదిగా చూశాడు. "వేలు తీసుకురాకుండా దారం తెచ్చారేంటి మాస్టారూ?"

"వేలు నిద్రపోతోంది. ఈ కొలతకి చెయ్యి. కాస్త లూజు ఉంచు."

"ఉంగరానికి లూజేంటండీ?"

"పట్టేస్తే ఇబ్బంది పడుతుంది. కొలతల సంగతి నాకు చెప్పకు. నా జన్మంతా టేపు మెళ్ళో వేసుకునే గడిచింది."

కంసాలి ఉంగరంలోంచి ఒక ముక్క కత్తిరించి, అతికించి, మెరుగుపెట్టి ఇచ్చాడు. టైలరు దాన్ని జేబులో పట్టుకుని ఇంచుమించు పరుగున ఇల్లు చేరాడు.

గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉంది. మెట్ల మీద మేనమామ పెద్ద పూలదండతో నిలబడి ఉన్నాడు. టైలరును చూడగానే భుజం మీద చెయ్యి వేసి, "మన చేతుల్లో ఏముంది నాయనా" అన్నాడు.

టైలరు అక్కడే కూలబడి, ఉంగరం గుప్పిట్లో బిగించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "కాసేపు ఆగలేకపోయావా? సరిచేయించి తెచ్చానే!"

లోపల్నుంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది. "ఏవండీ, వచ్చారా? ఇంతకీ ఎవరు పోయారు? వీళ్ళంతా నా మంచం చుట్టూ చేరి ఏడుస్తున్నారు గాని, పేరు చెప్పరేం?"

ఏడుపులు ఠక్కున ఆగిపోయాయి. వదినగారు మెల్లగా వంటింట్లోకి జారుకుంది. టైలరు పడుతూ లేస్తూ లోపలికి వెళ్ళి, భార్య వేలికి ఉంగరం తొడిగాడు. ఆమె చెయ్యి దించింది. ఉంగరం అనాయాసంగా జారి దుప్పటి మీద పడింది.

ఆమె ఉంగరాన్ని తిప్పి చూసి, సంగతంతా అర్థం చేసుకుంది.

"లూజు పెట్టించారా?"

"అలవాటు..." అన్నాడు తల దించుకుని.

"ఎదిగే పిల్లలకి కుట్టినట్టు!" అంటూ, చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది. "ఆ మిషను మీది దారం ఇలా ఇవ్వండి. లోపల చుట్టుకుంటా. ఒళ్ళు వచ్చినకొద్దీ ఒక్కో చుట్టే విప్పుకుంటా."

రాకపోతే? అతను అడగలేదు. అడగకపోయినా ఆమెకు వినిపించింది.

"రాకపోతే ఇంకో చుట్టు వేసుకుంటా. టైలరు పెళ్ళానికి దారానికి కరువా?"

అతను దారం ఉండ తెచ్చి, ఆమె పక్కనే కూర్చుని తనే చుట్టడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తమ చెప్పులు వెతుక్కున్నారు. మేనమామ మాత్రం మెట్ల మీదే నిలబడి, పూలదండలు కొన్నచోట వాపసు తీసుకోరని విచారిస్తున్నాడు.