నవాబు వెనుక కాళ్లు

ఆ సాయంత్రం తన ఇంట్లో ఒక చావు జరగనివ్వకూడదని గిరిప్రసాద్ గట్టిగా అనుకున్నాడు. డాక్టర్ చిదంబరం సూది పట్టుకొస్తాడు. అది పొడిచాక నవాబు మళ్లీ లేవడు.

నవాబు అతని కుక్క. నెల కిందట నాచారం రోడ్డు మీద ఆటో మీదికెక్కి నడుము విరిగింది. అప్పటి నుంచి ముందుకాళ్లతో ఇల్లంతా ఈడ్చుకుంటూ, వెనకాల తడి గీత గీసుకుంటూ తిరుగుతున్నాడు.

"నొప్పితోటి సస్తున్నడు. సూస్తా ఎట్ల కూసుంటం? పంపిద్దాం," అని ఏడుస్తూనే డాక్టరుకు ఫోన్ చేసింది భార్య విజయశ్రీ.

గిరిప్రసాద్ ఉప్పల్‌లో ఒక పరిశోధనశాల ఉద్యోగి. సైంటిస్టులు చేపల వెన్నుపాములు చూస్తారు, ఇతను ఆ చేపలకు మేత వేస్తాడు. మేత వేస్తూ విన్నదేమిటంటే, అడుగు మీద అడుగు వేయించే నాడుల అల్లిక వెన్నుపాములోనే ఉంటుంది. మెదడు 'పద' అంటుంది, అంతే. పైనుంచి తీగ తెగినా, పాదం కింద నేల కదిలితే ఆ అల్లిక తన పని తాను చేసుకుపోగలదు.

ఇంట్లో కదిలే నేల ఒకటుంది. విజయశ్రీ సన్నబడాలని కొన్న ట్రెడ్‌మిల్. ఇన్నాళ్లలో దాని మీద బరువు తగ్గినవి ఆరేసిన బట్టలే.

ఆమె బడిలో పాఠం చెప్పే వేళ గిరిప్రసాద్ ఇంట్లో నడక నేర్పాడు. పాత చీరను ఉయ్యాలలా కట్టి నవాబు నడుమును వేలాడదీసేవాడు. ముందుకాళ్లు పీట మీద, వెనుక కాళ్లు ట్రెడ్‌మిల్ మీద. కదలిక పుట్టాలని తోక మొదలు నొక్కేవాడు. తొలి రోజుల్లో కాళ్లు శవం కాళ్లలా ఈడ్చుకుపోయాయి. నిన్న మాత్రం నడిచాయి.

"విజయా, జర ఇటు సూడు! నవాబుకు నయమైంది!"

బడి నుంచి వచ్చిన విజయశ్రీ గుమ్మంలో ఆగిపోయింది. వెనుక కాళ్లు కుడి, ఎడమ, కుడి, ఎడమ.

"అయ్యో నా తండ్రీ! నడుస్తున్నడు!"

"నడుసుడేంది, రేపో మాపో ఉరుకుతడు. డాక్టర్‌ను వాపస్ పొమ్మను."

ఆమె వంగి చూసింది. పీట మీద ముందు సగం గురక పెడుతోంది. వెనుక సగం నడుస్తోంది.

"ఏందయ్యా, పండుకున్నడు గదా!"

"నిద్రల నడిసే అలవాటు కొందరికి ఉంటది."

"సగానికేనా?"

గిరిప్రసాద్ దగ్గాడు. విజయశ్రీ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"కాళ్లకు పాణమొచ్చిందంటే నొప్పి గూడ తెలుస్తదన్నట్టు. ఇరిగిన నడుముతోటి నడిపిస్తున్నవా, కసాయోడా? డాక్టర్ సాబ్, లోపలికి రాండ్రి!"

ఆమె వెంటే వచ్చి గుమ్మం బయట ఆగిన చిదంబరం సంచీతో లోపలికొచ్చాడు.

"ఆగు! పాణం రాలే! అబద్ధమాడిన!" చీర ముడికి అడ్డం నిలబడ్డాడు గిరిప్రసాద్. "వెన్నుపాము ఒక్కటే నడిపిస్తున్నది. పైకి కబురు పోదు. కాలు తొక్కినా వానికి తెల్వదు."

"మరి నయమెప్పుడైతది?"

"కాదు." అతను ట్రెడ్‌మిల్ ఆపేశాడు. "ఎన్నటికీ కాదు."

చిదంబరం జేబులోంచి చిన్న పటకారు తీసి వెనుక కాలి వేలిని నొక్కాడు. కాలు గుంజుకుంది. గురక ఆగలేదు.

"చెప్పాను కదమ్మా, నొప్పి లేదు," అంటూ ఆయన సంచీ తెరిచాడు. అందులో సూది లేదు. రబ్బరు చేతి తొడుగులున్నాయి.

"ఎప్పుడు జెప్పిన్రు?" గిరిప్రసాద్ నోరు తెరిచాడు.

"బట్టలు ఆరేద్దామని పోతే ట్రెడ్‌మిల్ మీద కుక్క బొచ్చు," అంది విజయశ్రీ. "అప్పుడే సార్‌నడిగిన, నొప్పి తెల్వదన్నరు. సూది వద్దన్న. నాతోని నువ్వు నిజమెప్పుడు జెప్తవో సూద్దామని ఊకున్న."

చిదంబరం తొడుగులు పైకెత్తాడు. "మూత్రం దానంతట అది పూర్తిగా రాదు. పూటపూటా పొట్ట పిండి తీయాలి. బతికినన్నాళ్లూ. ఎవరు నేర్చుకుంటారు?"

"నడక నేర్పిన పంతులున్నడు గద!"

గిరిప్రసాద్ తొడుగులు వేసుకున్నాడు. చెప్పిన చోట పిండగానే వెచ్చటి ధార అతని చొక్కా మీదే పడింది. నవాబు కళ్లు తెరిచి, యజమానిని పోల్చుకుని, ముఖమంతా నాకాడు. తోక మాత్రం తాడులా వేలాడింది. గిరిప్రసాద్ ఆ తోక వంకే చూస్తుండిపోయాడు.

"గట్ల సూడకు," అంది విజయశ్రీ మెల్లగా. "తోక దాక పోకున్నా, నవ్వు మొకం దాకనన్న వచ్చింది గద."