ఇంటి నంబరు నూట ముప్పై ఏడు

ఆ సోమవారం సలహాదారుకు పెద్ద పనులేమీ లేవు. పదింటికి ఆఫీసు చేరాలి, నివేదికలో ఆఖరి పేజీ చూసి సంతకం పెట్టాలి, మధ్యాహ్నం సెలవు తీసుకుని క్షవరం చేయించుకోవాలి. రెండు నెలలుగా ఆ నివేదిక మూలంగా జుట్టు చెవుల మీదికి దిగింది. అద్దం ముందు నిలబడి దాన్ని వెనక్కి దువ్వుకుంటూ ఉంటే వంటింట్లోంచి భార్య కేకేసింది.

"మీ మామయ్య మళ్లీ ఫోన్ చేశారండీ. వారం నుంచీ రమ్మంటున్నారు. సర్కారు పని మొదలెట్టేశాను, వాణ్ణి ఓసారి వచ్చి చూసుకోమను అంటున్నారు."

"రిటైరై ఇరవై ఏళ్లయింది. మామయ్యకి సర్కారు పనేంటి?"

"నన్నడిగితే? ఆయన మీ మామయ్య."

"ఆదివారం వెళ్దాంలే."

పోయిన ఆదివారం గురించి కూడా ఆయన ఇదే మాట అన్నాడు.

ఆయన ఉద్యోగం రాష్ట్రానికి సలహా చెప్పడం. మనం వాడే కరెంటు కోసం ఎంత బొగ్గు తగలబడుతోంది, ఎంత పొగ గాలిలో కలుస్తోంది, దాన్ని తగ్గించడానికి ఏ పథకం పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న విషయాల మీద ముప్పై ఏళ్లుగా ఇంధన శాఖకు సలహాలిస్తున్నాడు. ఈసారి పని ఇళ్ల మీద పడింది. కోటీ ఇరవై లక్షల ఇళ్లలో తొంగిచూడటం ఎవరి తరమూ కాదు కనుక రెండు వందల ఇళ్లను చీటీలు తీసి ఎంచారు. ఒక్కొక్క ఇంటి మీటరు పక్కన సబ్బుపెట్టె అంత యంత్రాన్ని బిగించారు. ఏ గంటలో ఎంత కరెంటు ఖర్చయిందో అది ఆఫీసుకు చేరవేస్తుంది. అంటే ఒక్కొక్క ఇల్లూ అరవై వేల ఇళ్ల తరఫున సాక్ష్యం చెబుతుందన్నమాట.

అంతా పద్ధతిగానే జరిగింది, ఒక్కటి తప్ప. యంత్రాలు బిగించే ఆఖరి రోజున, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోవలో ఎంపికైన ఒకాయన వీధి తలుపు తీయనన్నాడు. సాయంత్రంలోగా అదే కోవలో మరో ఇల్లు కావాలి. ఉద్యోగుల బంధువుల ఇళ్లు తీసుకోకూడదన్న నియమాన్ని రాసింది సలహాదారే. అయినా రెండు వందల్లో ఒక్క ఇల్లే కదా అని మనసుకు నచ్చజెప్పుకుని, తన మేనమామ ఇంట్లో యంత్రం పెట్టించాడు. ఆ తర్వాత ఇళ్లన్నిటికీ అంకెలు వేసి, చిరునామాలు కవర్లో పెట్టి సీలు వేశారు. ఆయన ఆ సంగతి మరిచిపోయాడు.

పదింబావుకు గణాంకాధికారిణి ఒక కాగితం పట్టుకుని గదిలోకి వచ్చింది. లెక్క తప్పితే నిద్ర పట్టని మనిషి.

"సార్, ఒంటరి పెద్దవాళ్లు సాయంత్రాలు ఏదో చేస్తున్నారు."

"ఏం చేస్తున్నారు?"

"అదే తెలీటం లేదు. నూట ముప్పై ఏడో నంబరు ఇల్లు చూడండి. పగలంతా ఒక ఫ్యాను, ఒక బల్బు. ఆరున్నర కాగానే ఒక్కసారిగా నాలుగు కిలోవాట్లు. ఎనిమిదిన్నరకి టక్కున ఆగిపోతోంది. వారం రోజుల్నుంచీ గడియారం కొట్టినట్టు అదే వరస."

కాగితం మీద గీత నేల మీద పాకి పాకి, ఆరున్నర దగ్గర గోడెక్కినట్టు లేచింది. సలహాదారు కళ్లజోడు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు తెలియదని అనడానికి మొహమాటపడతాడు.

"వాటర్ హీటర్," అన్నాడు.

"రెండు గంటలా సార్?"

"పాత హీటరమ్మా. పెద్దవాళ్లకి ఒళ్లు నొప్పులుంటాయి. వేణ్ణీళ్లు కావాలి. అవి కాగవు, వీళ్లు ఆపరు."

ఆమె ఆ నాలుగు కిలోవాట్లనూ అరవై వేలతో హెచ్చవేయడానికి వెళ్లిపోయింది. రెండు వందల నలభై మెగావాట్లు తేలింది. ఏడాదికి లక్షా అరవై వేల టన్నుల పొగ. ఆ అంకె చూశాక సలహాదారుకే ఒళ్లు వేడెక్కింది. క్షవరం వాయిదా వేసి, పాత హీటర్లు తీసేసి కొత్తవి ఇచ్చే రాష్ట్రవ్యాప్త పథకం గురించి రెండు పేజీల నోటు రాసి కార్యదర్శికి పంపాడు.

కార్యదర్శి శాఖ మొత్తానికీ పెద్దావిడ. కాగితం కింద పెట్టకుండా చదువుతుంది, నవ్వకుండా మాట్లాడుతుంది. రెండింటికి ఆయన్ని పిలిపించింది.

"ఇంత పొగ ఇన్నేళ్లూ మనకి కనపడకుండా ఎక్కడ దాక్కుందండీ?"

"స్నానాల గదుల్లో మేడమ్."

"రేపు పొద్దున్నే మంత్రిగారి ముందు పెడదాం. కానీ చూడని వస్తువు గురించి నేను మాట్లాడను. ఆ హీటర్ని నా కళ్లతో చూడాలి. కవర్ తెప్పించండి. సాయంత్రం ఆరింటికి బయల్దేరదాం."

మూడింటికి కవర్ వచ్చింది. సీలు తీసి నూట ముప్పై ఏడుకు ఎదురుగా ఉన్న చిరునామాను సలహాదారు రెండుసార్లు చదివాడు. ఆ వీధి మలుపులో సైకిలు తొక్కడం నేర్చుకుంటూ ఆయన రెండు పళ్లు పోగొట్టుకున్నాడు.

వెంటనే ఫోన్ చేశాడు.

"మామయ్యా, మీ ఇంట్లో వాటర్ హీటరుందా?"

"నాకెందుకురా చిట్టీ? నేను పోసుకునేది చన్నీళ్లేగా."

"మరి రోజూ ఆరున్నర నుంచి ఏం చేస్తున్నావు?"

"నువ్వు చెప్పిందే చేస్తున్నా."

"నేనేం చెప్పాను!"

"యంత్రం బిగించిన రోజు, ఇంట్లో ఉన్నవన్నీ ఎంత కరెంటు తింటాయో సర్కారుకి తెలియాలి అన్నావా లేదా? అందులో దాపరికం ఉండకూడదు అన్నావా లేదా? ఒక్కటీ దాచలేదు. అన్నీ వేస్తున్నా. వచ్చి చూడు, ఫోన్లో చెబితే మజా పోతుంది."

"మామయ్యా, మా ఆఫీసు పెద్దావిడ వస్తోంది. ఈ ఒక్క పూటా ఏదీ వేయకు. నీకు దణ్ణం పెడతాను."

"పెద్దావిడ వస్తుంటే ఆపమంటావేంట్రా? బుద్ధుందా? మంచి కుర్చీ వేయిస్తాను, నడిమధ్యలో." ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

కార్లో కార్యదర్శి పక్కన కూర్చున్నంతసేపూ సలహాదారు నిజం చెప్పేద్దామనే చూశాడు.

"మేడమ్, ఆ ఇల్లు..."

"ఇరుకా? ఫరవాలేదు, హీటరొక్కటే చూసి వచ్చేద్దాం."

"అది కాదు మేడమ్, ఆ పెద్దాయన..."

"పాపం, నొప్పులా? కాళ్లా, నడుమా?"

"కాళ్లు," అన్నాడు నీరసంగా. ఆ మాట నోటి నుంచి ఎందుకొచ్చిందో ఆయనకే తెలియదు.

వీధి మలుపు తిరగగానే కారు ఆగిపోయింది. వీధంతా చీకటి. ఒక్క కిటికీలోనూ దీపం లేదు. డ్రైవరు కరెంటు పోయిందన్నాడు. పోతే బాగుండునని సలహాదారు లోపల్లోపల కోరుకుంటున్నంతలో వీధి చివర ప్రహరీ వెనక నుంచి తెల్లటి వెలుగు లేచింది. దానితో పాటే టకటకటకమని ఒక చప్పుడు.

ఇద్దరూ కారు దిగారు. ఆ చప్పుడు వినగానే సలహాదారు కాళ్లు వాటంతటవే వేగం పుంజుకున్నాయి.

మేనమామ ముప్పై ఆరేళ్లు సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాడు. ఊళ్లో అందరికీ ఆయన రీళ్ల మామయ్య. చిన్నప్పుడు బడి వదలగానే చిట్టి పరుగెత్తేది ఆ కేబిన్‌కే. ఇనప మెట్లు, గోడకు జానెడు కిటికీ, వెలుగు కోసం కార్బన్ కడ్డీలు కాలే ఘాటు వాసన. రీళ్ల డబ్బాల మీద కూర్చుని, కిటికీలోంచి బొమ్మ చూస్తూ ఎన్నిసార్లు నిద్రపోయాడో లెక్కలేదు. ఆట అయ్యాక మామయ్య భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. ఒకనాడు "ఈ వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది మామయ్యా?" అని అడిగితే, "ఎక్కడో బొగ్గు కాలుతుందిరా, అప్పుడిక్కడ బొమ్మ ఆడుతుంది" అన్నాడాయన. ఎక్కడో అంటే ఎక్కడ అన్న ప్రశ్నే చిట్టిని పెద్ద చదువులకు తీసుకెళ్లింది. హాలు మూసేసిన రోజున యజమాని ఆ బొమ్మ వేసే యంత్రాన్ని మామయ్యకే ఇచ్చేశాడు. ఇరవై ఏళ్లుగా అది షెడ్డులో దుప్పటి కప్పుకుని ఉంది. సర్కారు వచ్చి అడిగేదాకా దాన్ని కదిలించే ధైర్యం, కారణం రెండూ ఆయనకు దొరకలేదు.

పెరట్లో వీధి వీధంతా ఉంది. చాపల మీద కొందరు, ఇళ్లలోంచి తెచ్చుకున్న స్టూళ్ల మీద కొందరు, గోడ మీద ముగ్గురు. ఎదురుగా రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర. షెడ్డు కిటికీలోంచి వెలుగు ధారగా పడుతోంది. నడిమధ్యలో ఒక పడక్కుర్చీ ఖాళీగా ఉంది.

"వచ్చావా చిట్టీ!" షెడ్డులోంచి మామయ్య కేక. "అమ్మా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. చిట్టీ, నువ్వు అడ్డం లే!"

కార్యదర్శి సలహాదారు వంక తిరిగింది. "చిట్టీయా?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఆయన నిలువునా కరిగిపోతూ చెప్పేశాడు. "మా మేనమామ మేడమ్. నియమానికి విరుద్ధంగా నేనే పెట్టించాను. హీటరు లేదు. ఎప్పుడూ లేదు. ఆ నోటు వెనక్కి తీసుకుంటాను. కావాలంటే నన్నే..."

"కూర్చోండి," అందామె. "వెనకవాళ్లకి కనపడటం లేదు."

మామయ్య దగ్గర ఉన్నవి తొమ్మిది రీళ్లు. తొమ్మిదీ తొమ్మిది సినిమాలవి. కనుక ఒక కథలో తప్పిపోయిన బిడ్డ మరో కథలో పోలీసై తేలేవాడు, పెళ్లి జరగక ముందే విశ్రాంతి వచ్చేది. వారం రోజులుగా చూస్తున్న జనానికి ఇవన్నీ అలవాటైపోయాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో వాళ్లే నిర్ణయించుకుని, కొత్తవాళ్లకు చెబుతున్నారు. పక్కింటి టీచరమ్మ కార్యదర్శి చెవిలో, "ఈయన మంచాయనేనండీ, పోయిన రీల్లోనే దొంగ" అంది.

నాలుగో రీలు డాక్యుమెంటరీ. వెనకటి రోజుల్లో అసలు బొమ్మకు ముందు వేసేవారు. ఎక్కడో కొత్త విద్యుత్ కేంద్రం ప్రారంభం. రిబ్బను కత్తిరించారు, మీట నొక్కారు. ఆకాశమంత పొగగొట్టం లోంచి నల్లటి పొగ ఉబికింది. "అదిగో, ప్రగతి!" అని కంచుకంఠం మోగింది. ఆ రోజుల్లో హాలంతా అక్కడే చప్పట్లు కొట్టేది. పెరడూ కొట్టింది. పొగ తగ్గించడానికి జీతం తీసుకునే వాళ్లిద్దరూ కూడా కొట్టారు. కొట్టాక ఒకరినొకరు చూసుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"మా తాతయ్య నన్ను నేల క్లాసుకి తీసుకెళ్లేవారు," అంది కార్యదర్శి, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "కుర్చీలో కూర్చుంటే నాకు కాళ్లు అందేవి కావని." ఆమె నవ్వగా సలహాదారు చూడటం అదే మొదటిసారి.

ఎనిమిదిన్నరకు ఆఖరి రీలు, రైలు కదులుతూ ఉండగా తెగిపోయింది. తెర తెల్లబడింది.

"తర్వాత ఏమైంది?" అని అడిగింది కార్యదర్శి.

"తర్వాతి రీలు లేదమ్మా," అన్నాడు మామయ్య, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. మసి అంటిన ఆ ముఖానికి ఇరవై ఏళ్ల వయసు తగ్గిపోయింది. సలహాదారును దగ్గరికి లాక్కున్నాడు. "ఏరా, సరిపోయిందా? ఇంకా ఎక్కువ కరెంటు తినాలంటే పెద్ద ఆంప్లిఫయర్ ఉంది."

"సరిపోయింది మామయ్యా," అన్నాడు సలహాదారు. ఎన్ని ఆదివారాలు వాయిదా వేశాడో లెక్కపెట్టుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. కార్యదర్శి గదిలో గణాంకాధికారిణి ముందే కూర్చుని ఉంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"సార్, ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్ లెక్క తెప్పించాను. మామూలుగా సాయంత్రాలు యాభై ఎనిమిది కిలోవాట్లు. ఈ వారం ఆ రెండు గంటలూ ఇరవై ఒకటి!"

"కరెంటు పోయిందేమో?"

"పోలేదు సార్. ఆపేశారు. దీపాలు వెలుగుతుంటే బొమ్మ వేయనని మీ మామయ్యగారు ఇంటింటికీ తిరిగి చెబుతున్నారట. టీవీలు, ఏసీలు, ఫ్యాన్లు అన్నీ ఆపేసి మనుషులు పెరట్లో ఉన్నారు. ఆయన నాలుగు వాడుతున్నారు, వీధి ముప్పై ఏడు ఆదా చేస్తోంది."

కార్యదర్శి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఐదేళ్లలో మనం పెట్టిన పథకాల్లో ఇంత తగ్గించింది ఒకటి చెప్పండి."

సలహాదారు జేబులోని కాగితం జేబులోనే ఉండిపోయింది.

మామయ్య ఇంటిని లెక్కలోంచి తీసేసి చీటీ తీసి మరో ఇల్లు ఎంచారు. హీటర్ల నోటును చింపేశారు. దాని స్థానంలో సలహాదారు, 'నివాసుల స్వచ్ఛంద ఏకస్థల సాయంకాల సమావేశం' అనే పేరుతో ఒక సిఫారసు రాసి, ఏ పురపాలక సంఘమైనా తెర కట్టి ప్రయత్నించి చూడవచ్చని చేర్చాడు. అది రాసిన సాయంత్రం నివేదిక మూసేసి, ఆదివారం కాకపోయినా, క్షవరం ఇంకా కాకపోయినా, భార్యను వెంటబెట్టుకుని చాపతో సహా మామయ్య పెరట్లో హాజరయ్యాడు.

నెల తిరగ్గానే శాఖ నుంచి ఆ వీధికి ఉత్తరాలు వచ్చాయి. మీటరు లెక్క ప్రకారం కరెంటు ఆదా చేసినందుకు ఇరవై ఏడు ఇళ్లకు ప్రశంసాపత్రం, మితిమీరి వాడినందుకు రీళ్ల మామయ్యకు హెచ్చరిక నోటీసు. అన్నిటి మీదా సంతకం మేనల్లుడిదే.