కొట్టించుకోని సింహాద్రి

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ చేసే పనులు మానేసి మరీ బాక్సింగ్ సంఘం పెట్టుకున్నాయి.

ముంగిస సింహాద్రి అక్కడ పదకొండేళ్ళుగా చాంపియన్. మహా కొట్టేవాడేం కాదు. ఎదుటివాడి గుద్దు వచ్చేసరికి సింహాద్రి తల అక్కడుండేది కాదు, అంతే. పళ్ళన్నీ పదిలం. పిల్లలు తొమ్మిదిమంది, అందరి పేర్లూ గుర్తే.

సంఘం అధ్యక్షుడు ఎలుగుబంటి పైడయ్య ఒకప్పటి వీరుడు. ఒక్క గుద్దూ వదలకుండా మొహాన తీసుకుని మూడేళ్ళకే రింగు దిగిపోయాడు. జనం మురిసిపోయి కుర్చీ ఇచ్చారు. ఇప్పుడు టీ తాగేసి, "టీ ఏదర్రా?" అంటుంటాడు. అది విన్నప్పుడల్లా సింహాద్రి తన పిల్లల పేర్లు ఓసారి వల్లెవేసుకునేవాడు.

ఓ రోజు పైడయ్య బల్ల గుద్దాడు. "తప్పించుకోవడం పిరికితనం! ఇకమీదట మొహాన పడ్డ ప్రతి గుద్దుకీ తిన్నవాడికి ఒక పాయింటు. కొట్టినవాడికి సున్నా!"

సభ్యులందరూ పైడయ్యలాగే మూడేళ్ళ వీరులే. చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరి చేతులు ఒకదానికొకటి తగల్లేదు.

తరవాతి పోటీ పైడయ్య మేనల్లుడు, అడవిపంది బంగార్రాజుతో.

"చాల్లే, మానెయ్యి. నా పేరు కూడా మర్చిపోతావు" అని సింహాద్రి పెళ్ళాం ఏడ్చింది.

"మానేస్తే చాంపియన్ బెల్టు మేనల్లుడికే. అందుకేగా ఈ రూలు! ఉండు, ఇంకోసారి చదవనీ."

పోటీ రోజు గంట మోగింది. సింహాద్రి చేతులు వెనక్కి కట్టుకుని మొహం ముందుకు పెట్టాడు. "కొట్టు నాయనా. పాయింటు నాకే."

బంగార్రాజు ఎత్తిన పిడికిలి గాల్లోనే ఆగింది. "అమ్మో! పెద్దవారు, ముందు మీరు కొట్టండి."

"అబ్బే, నువ్వే కానియ్."

"మీ తరవాతే, పెద్దాయనా."

పన్నెండు రౌండ్లూ ఇవే మర్యాదలు. జనం వేరుశనక్కాయలు తినేసి ఇళ్ళకెళ్ళిపోయారు. సున్నాకి సున్నా. సమానమైతే బెల్టు పాత చాంపియన్‌దే.

పైడయ్య మండిపడ్డాడు. "ఈ దిక్కుమాలిన రూలు ఎవడు పెట్టాడ్రా? వాణ్ణి సంఘంలోంచి గెంటెయ్యండి!"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఎవణ్ణి గెంటాలో మాత్రం ఒక్క సభ్యుడికీ గుర్తులేదు.

"సింహాద్రీ, నువ్వు చెప్పరా, ఎవడు వాడు?" అన్నాడు పైడయ్య.

సింహాద్రి ఆయన మొహంలోకి చూశాడు. కోపమంతా పోయి జాలేసింది.

"నాకూ గుర్తులేదు బావా" అని అబద్ధమాడి, చెయ్యి పట్టుకుని ఆయన్ని ఇంటి దాకా దిగబెట్టాడు.

నీతి: రూలు రాసే కుర్చీ దెబ్బలు తిన్నవాడిదే, ఆ రూలు గుర్తుండేది మాత్రం తప్పించుకున్నవాడికి.