నోరీన్ పేరు మీద కోడి

మెర్విన్ టక్‌వెల్ ముప్పై ఏళ్లుగా నీలగిరి చెట్లు తప్ప మరో బొమ్మ వేయలేదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని ఆ గోధుమ పొలాల ఊళ్లో ఆయన చెట్టు లేని గోడ లేదు. బ్యాంకులో ఒకటి, పళ్ల డాక్టరు దగ్గర ఒకటి, పబ్బులో రెండు. అలాంటి మనిషి క్రిస్మస్ నుంచి కుంచె ముట్టలేదు. పొద్దున షెడ్డులోకి వెళ్లి తెల్ల కాన్వాసు ముందు కూర్చోవడం, మధ్యాహ్నం ఇంట్లోకొచ్చి భోంచేయడం, అదే ఆయన కళాసాధన.

"ఏం రోగం నీకు?" అంది భార్య నోరీన్.

"జనం నా బొమ్మ చూసి కొంటున్నారా, కింద సంతకం చూసి కొంటున్నారా? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నానేమో!"

"కాయలు కూడా ఎక్కడివి, ఉత్త చెట్లేగా. తిను, చల్లారిపోతోంది."

"నవ్వులాట కాదు. ఇది తేలేదాకా కుంచె పట్టను."

"అయితే ఆ షెడ్డు నా కోళ్లకిచ్చెయ్."

అక్టోబరులో ఊరి షో వచ్చింది. రైతులు గొర్రెల్ని తెస్తారు, ఆడవాళ్లు కేకులూ జాములూ తెస్తారు, రేకుల హాల్లో వరుసగా పెడితే జడ్జీలు చూసి గెలిచినవాటికి రిబ్బన్లు కట్టి, అభిప్రాయం చీటీ మీద రాసి వెళ్తారు. బొమ్మలకూ పోటీ ఉంది. అది తలుచుకోగానే మెర్విన్‌కి మహత్తరమైన ఆలోచన తట్టింది. బొమ్మ తను వేస్తాడు, పేరు నోరీన్‌ది రాస్తాడు. నిజం తేలిపోతుంది. మెచ్చుకుంటే ఘనత తనది, పెదవి విరిస్తే పోయే పరువు ఆవిడది.

చెట్టు వేస్తే దొరికిపోతాడు కనుక కోడిని వేశాడు. తన పేరు కాదన్న ధైర్యమో ఏమో, చెయ్యి ఆగలేదు.

"షెడ్డులో ఈలలేమిటి?" అంది నోరీన్.

"గాలి."

"గాలికి అంత చక్కటి రాగం ఎవరు నేర్పారో!"

షో రోజు మెర్విన్ బూట్లు పాలిష్ చేసుకుని మరీ హాల్లోకి వెళ్లాడు. కోడికి రిబ్బను లేదు, చీటీ ఉంది. "ఆసక్తి ఉంది, నైపుణ్యం లేదు. ఇంట్లోనే అంత గొప్ప చిత్రకారుడున్నాడు. భర్త దగ్గర శ్రద్ధగా నేర్చుకోండి."

మెర్విన్ సంతోషించాలో ఏడవాలో తెలియక చీటీని మూడుసార్లు చదివాడు. ఇంతలో షో కార్యదర్శి డల్సీ ప్రోథెరో మైకు పట్టుకుంది.

"స్పాంజి కేకులో మొదటి బహుమతి! పదకొండేళ్లుగా గెలుస్తున్న నోరీన్ టక్‌వెల్ ఈసారి బరిలో లేదు. గెలిచింది ఆవిడ భర్త మెర్విన్!"

హాలంతా చప్పట్లు. కోడిగుడ్డు ఉడకబెట్టడం కూడా రాని మెర్విన్ వెనక్కి తిరిగి చూశాడు. నోరీన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.

కేకు చీటీ మీద ఇలా ఉంది. "దూదిలా ఉంది. భార్య చేతికంటే తేలికైన చెయ్యి."

నోరీన్ చప్పట్లు ఆగిపోయాయి. "నా చేతికంటేనా! అది నా చెయ్యే కదా!"

"నోరీన్, ఏమిటిది?" అన్నాడు మెర్విన్ గొంతు తగ్గించి.

"నువ్వు నా పేరున కోడి బొమ్మకి కట్టిన పోటీ రుసుముకి రసీదు నా పేరునే పోస్టులో వచ్చింది, మహానుభావా. నాకూ తెలుసుకోవాలనిపించింది, గెలుస్తున్నది కేకా, నా పేరా అని."

"ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తాను."

"చెప్పు. పోటీ దరఖాస్తులో ఇది నా సొంత పనేనని నువ్వు నా బదులు పెట్టిన సంతకం గురించి కూడా చెప్పు."

మెర్విన్ ముందుకేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. అంతలో డల్సీ వచ్చి ఆయన వీపు తట్టింది.

"వచ్చే నెల హోర్షమ్‌లో జిల్లా పోటీ మెర్విన్! అక్కడ కేకు జడ్జీల ఎదుటే చెయ్యాలి, మర్చిపోకు."

డల్సీ వెళ్లాక ఇద్దరూ కోడి ముందు నిలబడ్డారు. ఆ చీటీలు రాసినవాళ్లకు ఏమీ తెలియదని మెర్విన్‌కి అర్థమైంది. అయినా ఆ సందేహం పోలేదు. తొలిచేస్తూనే ఉంది.

"నువ్వు చెప్పు. ఇది బాగుందా?"

నోరీన్ ముందుకు వంగి కోడిని పైనుంచి కిందిదాకా చూసింది. "ముప్పై ఏళ్లకి అడిగావు," అంది చివరికి.

బ్యాంకువాళ్లని అడిగాడు, పళ్ల డాక్టరుని అడిగాడు, పబ్బులో తాగి పడున్నవాళ్లని కూడా అడిగాడు. ఆవిడని అడగాలని ఒక్కసారీ తోచలేదు. మెర్విన్‌కి సిగ్గేసింది.

"బాగుంది," అంది నోరీన్. "నీ చెట్లు ఎవరినీ పట్టించుకోవు. ఇది మాత్రం మేత ఆలస్యమైందేమని నన్ను నిలదీస్తోంది. కాలే తప్పు. వెనక వేలేదీ?"

సోమవారం నుంచి మెర్విన్ పొద్దున్నే కోళ్ల దొడ్లో మోకాళ్ల మీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టి గీస్తున్నాడు. మధ్యాహ్నం వంటింట్లో గుడ్లు గిలకొడుతున్నాడు. పక్కన నోరీన్ గరిటె పట్టుకుని నిలబడుతోంది.

"ఇప్పుడెలా ఉంది?" అంటాడు.

"ఇంకా."

"ఇప్పుడు? ఆ కోడి మెడకి పసుపు సరిపోయిందా? ఈ గిన్నె వంచనా? నురగ చాలా?"

"అబ్బబ్బ! ఒకసారి మెచ్చుకున్న పాపానికి ప్రతిదీ నన్నే అడిగితే ఎలా? కొట్టు!"