ఒట్టి డబ్బా పంపకూడదు

చోడవరంలో దేవిశ్రీ ఆ ఉదయం ఒకటే పని పెట్టుకుంది. ఆన్‌లైన్లో తను అమ్మే బెల్లంపొడి డబ్బాలను ఏ దారిన పంపితే మేలో తేల్చాలి. బస్టాండు దగ్గరి కొరియరు ఆలస్యం చేసి చేసి ఆమె కొంప మీదికి తెచ్చింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఆమె దుకాణం మూసేస్తామని ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ హెచ్చరించింది. చెమటోడ్చి నిలబెట్టుకున్న దుకాణమాయె, ఆమెకు ముద్ద దిగడం లేదు.

"మూడు డబ్బాలూ దేవరాపల్లి పెద్దమ్మకే పంపుతానండీ. ఒకటి కొరియర్లో, ఇంకోటి ఇంటికొచ్చి పట్టుకెళ్లే కంపెనీ బండిలో, మూడోది విశాఖపట్నంలో కంపెనీ గోడౌన్లో పెట్టిన మన సరుకులోంచి. ఏది ముందెళ్తాదో సూద్దాం" అంది భర్తతో.

"పెద్దమ్మకి సెప్పేవా?" అన్నాడు దిలీప్.

"సెప్పేస్తే పరీక్షేటండీ?"

గోడౌను డబ్బా మర్నాడే చేరింది. పెద్దమ్మ కనకమహాలక్ష్మి మురిసిపోయింది. ఇంటికొచ్చిన డబ్బాను ఒట్టిగా తిప్పి పంపడం ఆవిడ ఇంటా వంటా లేదు. ఆ బెల్లంతోనే పోకుండలు వండి, డబ్బా నింపి, పైన టేపు గట్టిగా చుట్టింది. తర్వాత కంపెనీ బండిలో రెండో డబ్బా తెచ్చిన అతని చేతిలో దాన్ని పెట్టి, "మా దేవిశ్రీ గుంటకి అందించీ బాబూ" అంది.

"రిటన్ కొట్టమంటావా మామ్మా?"

"ఏటి కొడతావో కొట్టు నాయనా, సితక్కుండా ఎళ్తే సాలు."

అలా ఆ డబ్బా మళ్లీ గోడౌను చేరింది. మూత చెదరలేదు గనక అక్కడివాళ్లు కొత్త చీటీ అంటించి, బెల్లం అడిగిన రాజమండ్రి గౌరీశంకర్‌కు పంపేశారు.

"పోకుండలు అందేయేటే?" అని పెద్దమ్మ ఫోన్ చేసేదాకా దేవిశ్రీకి ఈ సంగతే తెలియదు. తెలిశాక వెంటనే ఫోన్ అందుకుంది. డబ్బా ఎటు పోయిందో కనుక్కునేసరికి అది గౌరీశంకర్ గుమ్మంలో ఉంది. భార్య కంగారు చూడలేక దిలీప్ ఆయనకు ఫోన్ చేసి, "అయ్యా, ఆ డబ్బా ఇప్పకండి! అందులో ఉన్నది బెల్లం కాదు!" అని అరిచాడు. సరిగ్గా అక్కడే లైన్ తెగింది.

గౌరీశంకర్ డబ్బాను వీధి మధ్యలో పెట్టి, జనాన్ని దూరం జరిపి, పోలీసులను పిలిచాడు. దేవిశ్రీ మళ్లీ ఫోన్ చేస్తే కానిస్టేబులే ఎత్తాడు.

"ఇందులో ఏముందో నిజం చెప్పమ్మా!"

"పోకుండలు సార్! మా పెద్దమ్మ వండింది!"

టేపు చింపుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మూత తీసిన చప్పుడు.

"ఏటైంది సార్?"

"పరీక్షిస్తున్నామమ్మా" అన్నాడు కానిస్టేబుల్, నిండు నోటితో.

దుకాణం మీద ఆశ వదిలేసుకుని దేవిశ్రీ మంచమెక్కింది. సాయంత్రం దిలీప్ ఫోన్ పట్టుకొని పరుగున వచ్చాడు. గౌరీశంకర్ ఆమె దుకాణానికి అయిదుకు అయిదు స్టార్లూ ఇచ్చి ఇలా రాశాడు: "బెల్లం అడిగితే పోకుండలు పంపారు. ఈ పొరపాటు మళ్లీ చేయవలసిందిగా మనవి." కింద ఆ వీధి వాళ్లందరూ తమకూ ఇదే పొరపాటు జరగాలని అడిగారు. దేవిశ్రీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఇక ఏ దారి మేలన్న విచారణ కూడా ముగిసింది. ఆమె గోడౌనుకే ఓటు వేసింది. డబ్బా విప్పి చూడకపోవడంలో వాళ్లకు సాటి లేదు.