మబ్బుల్లో రామాంజినమ్మ

బిడ్డ మొదటి పుట్టినరోజు పొద్దున సుమలత అనుకున్నది చిన్న సంగతే. ధర్మవరంలో తమ వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టించాలి. దాంట్లో అందరికంటే అత్త రామాంజినమ్మ పెద్దగా కనపడాలి. కదిరిలో పుట్టెంట్రుకలు తనకు చెప్పకుండా తీయించారని ఆమె అలిగి, పెనుకొండలో కూతురింట్లో కూర్చుంది. ఫ్లెక్సీ ఫోటో పంపితేనైనా కరిగి సాయంత్రానికి వస్తుందని సుమలత ఆశ. అవ్వ లేకుండా కేకు కోస్తే ఊరు ఏమంటుందోనని భయం.

ఫ్లెక్సీలు వేసే క్రాంతి కుమార్‌కు సినిమా పోస్టర్ల గుట్టంతా తెలుసు. "ఎర్ర రంగేస్తే కొట్లాట. వీపులు తిప్పి నిలబెడితే అలక. పెద్దోళ్ళకు మాత్రం ఆకాశం ఇయ్యాలక్కా," అన్నాడు. ఇచ్చాడు. మబ్బుల మధ్య, తల చుట్టూ వెలుగుతో, సగం పొగలో కలిసిపోయి, రామాంజినమ్మ కిందనున్న మనవణ్ణి దీవిస్తోంది.

కట్టిన కాసేపటికే పక్కింటి అలివేలమ్మ పూలదండతో వచ్చి సుమలతను పట్టుకుని భోరుమంది.

"మొన్న గూడా ఫోన్లో నిన్ను తిట్టె కదమ్మా! అంతలోనే ఎంత పనాయె!"

"ఎవురికక్కా?"

"మీయత్తకే! మబ్బుల్లో ఉండాది కదమ్మా!"

"అయ్యో, ఆమె బాగుండాదక్కా. అవి ఊరికే పెట్టిన మబ్బులు."

"ఊరికే ఎవురు పెడ్తారు? సినిమా పోస్టర్లు చూల్లేదా? బతికుండేవాళ్ళు నేల మీద నిలబడ్తారు." అలివేలమ్మ వెనకున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "పాపం, తట్టుకోలేక ఏందేందో మాట్లాడ్తాంది."

సుమలత మొగుడు ధనుంజయ షాపుకు పరుగెత్తాడు. క్రాంతి కుమార్ నొచ్చుకుని, మబ్బులు తీసేసి కొత్తది వేసిచ్చాడు. మబ్బులు పోయిన చోట బోసిగా ఉందని అటొక దీపం, ఇటొక దీపం పెట్టాడు.

దాంతో అనుమానం ఉన్నవాళ్ళకు కూడా తీరిపోయింది. వీధిలో మగ్గాలు ఆగాయి. ఇంటి నిండా జనం. ఎవరో మర్యాద తెలిసినవాళ్ళు కేకును మంచం కిందికి తోశారు. చావింట్లో తినకూడదని చిత్రాన్నం, ఒబ్బట్లు ఎవరూ ముట్టలేదు. పెనుకొండకు ఫోను పోయింది. ఎత్తింది రామాంజినమ్మే. తన చావు కబురు చివరిదాకా విని, ఫోను పెట్టేసి బయల్దేరింది.

మధ్యాహ్నానికి ఆమె ఆటో దిగింది. ఏడుపులు ఠక్కున ఆగాయి. సుమలత బిడ్డను ఎదకు కరుచుకుని గోడకు అతుక్కుపోయింది.

రామాంజినమ్మ గడపలో నిలబడి ఇల్లంతా కలయజూసింది. "ఏమే సుమలతా, వీళ్ళంతా నాకోసమేనా?"

"ఊ... అత్తా."

"కుర్చీ ఎయ్యి." కూర్చుని కొంగు సర్దుకుంది. "ఏమ్మా అలివేలమ్మా, ఆపితివే? నా మంచితనం గురించి చెప్తాంటివి, ఆటోలోకే వినపడె. చెప్పు, చెప్పు."

సాయంత్రం మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కేకు కోయించింది. ఫ్లెక్సీ విప్పనివ్వలేదు. కోడలితో ఇప్పుడు బాగానే ఉంటోంది. ఎదురింటి చౌడక్కతోనే మాటలు మానేసింది, ఏడవడానికి రాలేదని.