చీకటి గదిలో సగం గ్లాసు

1962 ఎండాకాలంలో ఒక ఉదయం సిద్దిరాములు వేసుకున్న పథకం సాదాసీదాది. మొదటి బస్సుకు సిరిసిల్ల నుంచి కరీంనగర్ చేరి, భార్య కనకవ్వ కడుపునొప్పికి దవఖానలో పరీక్ష చేయించి, పొద్దుగూకేలోగా మళ్ళీ మగ్గం మీద కూర్చోవాలి. ఆమె పరగడుపున రావాలట. ఆమె తినకుండా తనకు ముద్ద దిగదు గనుక ఆయనా తినలేదు. రోజూలాగే చిటికెడు వంటసోడా నోట్లో వేసుకుని బయలుదేరాడు. దవఖాన అంటే ఆయనకు భయం. ఆ భయానికి ఆయన పెట్టుకున్న పేరు అపనమ్మకం.

ఎక్స్‌రే డాక్టరు లింగమూర్తి అప్పట్లో ఒక ప్రయోగం చేస్తున్నాడు. కడుపులో పుండ్లను చూపడంలో తాగితే ఎక్స్‌రేలో నల్లగా కనబడే బేరియం పొడి, దేశంలో తయారైనది విదేశీ పొడికి సాటి వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఒప్పుకున్న రోగులందరికీ నీళ్ళలో కలిపిన ఆ పొడి ఒకే కొలతలో ఇస్తాడు.

"ఈయన పక్కన లేంది నేను తాగ సారూ" అంది కనకవ్వ.

ఎక్స్‌రే తెర మీద బొమ్మ కనబడాలంటే గది చీకటిగా ఉండాలి. ఆ చీకట్లో సుద్దనీళ్ళవంటి మందు ఒక గుక్క మింగి ఆమె ఓకరించింది. సిద్దిరాములు మనసు ఆగలేదు.

"ఇటు తే" అని గుసగుసలాడి మిగిలిందంతా తానే తాగేశాడు.

"తాగుడైందా అమ్మా?"

"అయింది సారూ" అన్నాడు సిద్దిరాములు. గ్లాసు వరకు అది నిజమే.

తెర మీద ఆమె కడుపులో మందు అడుగున రవ్వంతే ఉంది. డాక్టరు కళ్ళు నులుముకుని మరో గ్లాసు ఇప్పించాడు. అదీ అదే దారి పట్టింది.

"గింత మందు ఎటు పోయినట్టు?" డాక్టరు గొంతు మారింది. పొడి పనికిరానిదైతే ప్రయోగం మునిగినట్టే. మంచిదైతే ఆమె కడుపుకు చిల్లు పడ్డట్టే. "సిస్టర్, ఆపరేషన్ డాక్టరును పిలువు. కోసి సూడవలసొస్తదేమో!"

సిద్దిరాములు అడ్డం వచ్చాడు. "కొయ్యకున్రి సారూ! తాగింది నేను. అది మింగలేకపోతుంటే సూడబుద్ధి కాలే."

"నీకు అక్కల్ ఉన్నదా? పొద్దటి సంది నన్ను పరేషాన్ చేసింది నీ కడుపా? రా, గీడ నిలబడు, ఎంత తాగినవో సూస్త!"

తిడుతూ నిలబెట్టిన డాక్టరు, తెర వెలగగానే మాట ఆపేశాడు. సిద్దిరాములు కడుపు గోడలో మందు చేరిన గుంత ఒకటి నల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది.

"పుండు. ముదరకముందే దొరికింది, మందులతోనే మానుతది. ఎన్నాళ్ళ సంది నొస్తుంది?"



"ఆర్నెల్ల సంది సారూ" అంది కనకవ్వ చీకట్లోంచి. "రాత్రంత కడుపు పట్టుకొని ముడుసుకుంటడు. దవఖానకు పోదామంటే సోడా బుక్కుతడు. నాకు నొస్తుందంటే మాత్రం ఉరికొచ్చిండు."

"మరి నీ నొప్పి?"

"నాకేం నొప్పి లేదు. మా వదినకు గిట్లనే తాపిన్రు, ఎట్లుంటదో నాకెరుకే. నేను ఓకరిస్తుంటే ఈయన సూస్త ఊకుంటడా?"

"మొండిదానివే నువ్వు" అన్నాడు సిద్దిరాములు. చీకట్లో ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

ఒక్క కడుపుతో ఏ పొడి గుణమూ రుజువు కాదు గనుక లింగమూర్తి ప్రయోగం కొనసాగించాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా భర్తలు బయటే ఉండాలన్న నియమం మాత్రం కొత్తగా చేర్చాడు.